తొమ్మిదో నంబరు క్వార్టరులో ఆవిరి పరీక్ష

కొండ మీది విద్యుత్ ప్రాజెక్టు కాలనీలో, ఇంటికొకరి చొప్పున మనుషులకి బిగించిన ఆవిరి ట్రాపులను పరీక్షించే కార్యక్రమం ఆ ఏడాది జనవరి రెండో మంగళవారం మొదలైంది. నోటీసు పది రోజుల ముందే వచ్చింది. ట్రాపు ఉన్న మనిషి ఆ రోజు ఇల్లు కదలకూడదనీ, మెడ దగ్గర వదులుగా ఉండే బట్టలు వేసుకోవాలనీ, ఇంట్లో వాళ్ళందరూ అందుబాటులో ఉండాలనీ అందులో ఉంది. అడుగున గీత గీసి, "గత సంవత్సరం పసుపు చీటీ పొందిన ఇళ్ళవారు ప్రత్యేకంగా గమనించగలరు" అని రాశారు. తొమ్మిదో నంబరు క్వార్టరుకి గత సంవత్సరం పసుపు చీటీ వచ్చింది.

ఆ కాలనీ చలి ప్రదేశం. జనవరిలో తెల్లారి లేచేసరికి కుళాయి కింద బకెట్టులో నీళ్ళ మీద పలచటి పొర కట్టి ఉంటుంది. ప్రాజెక్టు కట్టిన రోజుల్లో అన్ని ఇళ్ళకీ గోడల వెంట పైపులు వేసి, ఒక పెద్ద బాయిలరు నుంచి ఆవిరి పంపేవారు. ఆ బాయిలరును యాభై ఏళ్ళ కిందట పాత ఇనుము కింద వేలం వేశారు. పైపులు మాత్రం ఆ తర్వాత కూడా వేడిగానే ఉన్నాయి. ఆవిరి ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న ఒక సమావేశంలో వచ్చింది. ఒక ఇంజనీరు నెల రోజులు ఇల్లిల్లూ తిరిగి, ఇళ్ళలో మనుషులు అనబోయి మింగేసిన మాటలే పైపుల్లో ఆవిరిగా చేరుతున్నాయని నివేదిక ఇచ్చాడు. నివేదికను ఏకగ్రీవంగా ఆమోదించి, బొగ్గు తెప్పించడం మానేశారు.

ఆవిరి పైపుల్లో తిరుగుతూ కొంత చల్లబడి నీరవుతుంది. ఆ నీటిని ఎప్పటికప్పుడు బయటికి వదిలి, ఆవిరిని మాత్రం లోపలే ఆపే ఇత్తడి పరికరమే ట్రాపు. జామకాయంత ఉంటుంది. దాన్ని మెడ ఎముక కింద, ఎడమ పక్క బిగిస్తారు. మింగిన మాట ఆవిరి. అది చల్లారితే కన్నీరు. నీరు బయటికి పోవచ్చు, ఆవిరి పోకూడదు. సూత్రం ఇంతే. మంచి ట్రాపు 'టక్'మని తెరుచుకుంటుంది, నీటిని వదులుతుంది, మళ్ళీ 'టక్'మని మూసుకుంటుంది. చెడిపోవడం రెండు రకాలు. తెరుచుకునే ఉండిపోతే ఆవిరి వృథాగా బయటికి పోతుంది. అలాంటి మనిషి ఎదురు మాట్లాడుతుంది. మూసుకుపోతే ట్రాపు చల్లబడుతుంది. అలాంటి మనిషికి ఏడుపూ రాదు, మాటా రాదు. రెండింటికీ ఎర్ర చీటీయే. బాగుంటే ఆకుపచ్చ, అనుమానం ఉంటే పసుపు.

ట్రాపు ఎవరికి బిగించాలన్న విషయంలో నిబంధనలు ఎవరి పక్షమూ వహించలేదు. "ఇంట్లో పదహారేళ్ళు నిండిన ఎవరైనా ఒకరు" అని మాత్రమే ఉంది. రెండు వందల పన్నెండు క్వార్టర్లలో రెండు వందల తొమ్మిది చోట్ల అది ఆడవాళ్ళకి పడింది. మిగిలిన ముగ్గురిలో ఒకాయన ఇల్లరికపు అల్లుడు, ఒకాయన అన్నగారింట్లో ఉంటున్న తమ్ముడు, మూడో ఆయన పింఛను పుస్తకం కొడుకు చేతికిచ్చేసిన తండ్రి.

ట్రాపు ఉన్న మనిషి ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న గేటు దాటి కిందికి వెళ్ళకూడదు. వెళితే ఆ ఇంటి పైపు అరగంటలో చల్లబడుతుంది, పక్కింటిది గంటలో. తల్లిదండ్రులు పోతే మూడు రోజుల సెలవు ఇస్తారు, ఒక్కొక్కరికి. ఎర్ర చీటీ పడితే పాతది విప్పి, అదే రోజు సాయంత్రంలోగా ఇంట్లో అర్హత ఉన్న తర్వాతి మనిషికి బిగిస్తారు.

తొమ్మిదో నంబరులో ట్రాపు ఉన్నది వకుళకి. నలభై ఒక్కేళ్ళ మనిషి, బీఎస్సీ చదివింది. పెళ్ళయి కొండెక్కిన రెండో వారంలో అత్తగారిది విప్పి ఆమెకి బిగించారు. పంతొమ్మిదేళ్ళయింది. భర్త జోగారావు టర్బైన్ల విభాగంలో అసిస్టెంటు ఇంజనీరు. కూతురు ధాత్రికి పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. అర్హత ఉన్న తర్వాతి మనిషి అంటే ఆ ఇంట్లో ధాత్రే.

ధాత్రికి రాళ్ళ పిచ్చి. టర్బైన్ల సొరంగం తవ్వినప్పుడు పోసిన గుట్టల్లోంచి రాళ్ళు ఏరి, ఒక్కోదానికి కాగితం ముక్క అంటించి పేరు రాసి పెట్టుకుంటుంది. జూన్‌లో విశాఖపట్నం వెళ్ళి భూగర్భ శాస్త్రం చదవాలని ఆ పిల్ల కోరిక. కాలేజీ చూసుకున్నారు, హాస్టలుకి దరఖాస్తు పెట్టారు. జోగారావు కూడా సరేనన్నాడు. ఇక కావలసిందల్లా వకుళ ట్రాపు ఇంకో మూడేళ్ళు పనిచెయ్యడం.

అది పనిచేస్తోందో లేదో వకుళకి తెలియడం లేదు. కొన్నేళ్ళుగా ఆమెకి ఏడుపు రావడం లేదు. జోగారావు అన్న మాటలు పక్కింటి డాబా మీద పడుతున్న వానలా వినిపిస్తున్నాయి. మెడ కింద ఇత్తడిని తాకి చూసుకుంటే చల్లగా తగిలేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే లేచి, హాలు గోడ వెంట ఉన్న పైపు మీద అరచెయ్యి పెట్టి చూసేది. పైపు కాలుతూ ఉండేది. ఇల్లు వెచ్చగా ఉందంటే ట్రాపు పనిచేస్తున్నట్టే కదా అని ఆ పూటకి ధైర్యం చెప్పుకునేది.

సోమవారం సాయంత్రం ఎనిమిదో నంబరు పైడమ్మ పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చింది. ఆ రెండు క్వార్టర్లకీ గోడ ఒకటే. పైడమ్మకి కిందటేడు ఎర్ర చీటీ పడింది.

"రేపు మీ వరసేనట గదా, వకుళమ్మా?"

"అవునండీ. పదిన్నరకి వస్తారట."

"నాకేటి జరిగిందో చెప్తాను విను. ఆవేళ మా ఇంట్లో అందరూ ఎంత మంచిగా ఉన్నారనుకున్నావు! మా ఆయన నాకు కాఫీ కలిపి ఇచ్చేరు. పెళ్ళయ్యేక అదే మొదలు. మా వాడు 'అమ్మా, నువ్వు కూకో, నేను మంచినీళ్ళు పడతాను' అన్నాడు. ఇనస్పెట్రు కడ్డీ పెట్టి విన్నాడు. ఏటి వినిపిస్తది? లోపల ఏటుంటే గదా! 'మూసుకుపోయింది' అనేసి ఎర్ర చీటీ కట్టేసేడు. పొద్దు గూకేతలికి కోడలికి బిగించేసేరు."

కాలనీలో తరచుగా జరిగే పొరపాటు అది. ఇంటికి ప్రభుత్వ మనిషి వస్తున్నాడంటే అందరూ తల దువ్వుకుని, సోఫా గలీబులు మార్చి, ఒకరితో ఒకరు మర్యాదగా మాట్లాడుకుంటారు. మింగాల్సిన మాటలుండవు కాబట్టి పైపు లైను మీద భారం పడదు. భారం లేనప్పుడు ఎంత మంచి ట్రాపైనా మూసుకుపోయిన దానిలాగే ఉంటుంది. ఈ విషయం సూచనల పుస్తకంలో ఉంది. పుస్తకం ఆఫీసులో ఉంది.

"మరి ఏం చెయ్యమంటారు?" అంది వకుళ.

"పొద్దుట్నుంచీ మీ ఆయనకి కోపం వచ్చీలాగ చూసుకో. ఉప్మాలో ఇంకో చెంచాడు ఉప్పు పడేయ్. బండి తాళం ఎక్కడైనా పెట్టెయ్. ఇనస్పెట్రు వచ్చీసరికి ఇల్లు మాంచి వేడి మీద ఉండాల."

"ఆయన అలాంటి మనిషి కాదండీ. మంచివారు."

"అందరూ మంచోళ్ళేనమ్మా. రెండొందల పన్నెండు ఇళ్ళలోనూ మంచోళ్ళే. మరి పైపు ఎలా కాల్తోందేటి?" అని పైడమ్మ తోడు తీసుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున్న వకుళ ఉప్మాలో ఉప్పు రెండింతలు వేసింది. జోగారావు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. మామూలు రోజైతే కంచం పక్కకి జరిగేది.

"ఉప్పు కాస్త పడినట్టుందే" అన్నాడు. "పర్లేదులే, పెరుగు వేసుకుంటాను."

ఆమె స్కూటరు తాళం బియ్యం డబ్బాలో పెట్టింది. ఆయన కాసేపు వెతికి, "దొరుకుతుందిలే, ఇవాళ ఎలాగూ సెలవు పెట్టాను" అన్నాడు. ఇస్త్రీ చెయ్యని చొక్కా తెచ్చి ఇచ్చింది. "పైన స్వెట్టరు ఉంటుందిగా" అన్నాడు. తొమ్మిదిన్నర నుంచి వకుళ ఇరవై నిమిషాలకోసారి బయటికి వచ్చి చూసింది. ఇన్‌స్పెక్టరు ఐదో నంబరులో ఉన్నాడు. ఆరో నంబరులో ఉన్నాడు. ఇంటి నుంచి బయటికి వచ్చిన ప్రతిసారీ చేతిలోని కడ్డీతో వరండా పైపు మీద రెండు దెబ్బలు కొట్టి, ఆ తర్వాత పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఆ దెబ్బలు పైపు వెంట తొమ్మిదో నంబరు వంటింట్లోకి కూడా వినిపించాయి.

పదింటికి జోగారావు సోఫాలో కూర్చోబోయి కెవ్వుమన్నాడు. గలీబు కింద ధాత్రి రాళ్ళున్నాయి.

"ఏంటే ఇవి? ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వచ్చే ఆయన ఎక్కడ కూర్చుంటాడు, నీ రాళ్ళ మీదా? పట్నం కాలేజీకి పంపిస్తే అక్కడా ఇదే పని కాబోలు! చదువుకయ్యే డబ్బు ఈ గులకరాళ్ళకి పొయ్యాలా?"

"తీసేస్తాను నాన్నా" అంది ధాత్రి. మణికట్టుతో కళ్ళు తుడుచుకుని, రాళ్ళన్నీ చున్నీలో వేసుకుంది.

కిటికీ కింద పైపులో ఎక్కడో 'టక్'మంది. వకుళ చప్పున మెడ కింద చెయ్యి పెట్టుకుంది. హమ్మయ్య, ఉంది, ఇంకా పనిచేస్తోంది అనుకుంది. ఆయనకి కోపం వచ్చినందుకు మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు కూర్మారావు పది నలభైకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చాడు. టీ వద్దని, మంచినీళ్ళు చాలన్నాడు. పుస్తకం తెరిచి ప్రశ్నలు అడిగాడు. సమాధానాలు జోగారావు చెప్పాడు.

"ఈ ఏడాదిలో ట్రాపు ఎదురు మాట్లాడిన సందర్భాలు?"

"ఒకటుందండీ. మా చెల్లెలి గృహప్రవేశం అప్పుడు..."

"మాటా, మొహమా?"

"మొహమేననుకోండి."

"మొహం లెక్కలోకి రాదు సార్" అని సున్నా చుట్టాడు. తర్వాత వకుళ వైపు తిరిగాడు. "బైపాస్‌లు ఏమన్నా వాడుతున్నారామ్మా? బాత్రూంలో కుళాయి తిప్పి మాట్లాడుకోవడం, అక్కచెల్లెళ్ళకి ఫోన్లు, డైరీ రాయడం లాంటివి?"

"లేవండీ."

"మంచిది. కుర్చీ ఇలా వెలుగులోకి వేసుకోండి."

ముందు వేడి చూశాడు. పిస్తోలులా ఉండే చిన్న పరికరాన్ని వకుళ మెడ ఎముక కింద గురిపెట్టి నొక్కాడు. అంకె చూసి, తుడిచి, మళ్ళీ నొక్కాడు.

"ముప్పై మూడు. నలభై అయిదు ఉండాలి."

కూర్మారావు లేచి గోడ పైపుకి గురిపెట్టాడు. తొంభై రెండు చూపించింది.

"పైపు మాత్రం భేషుగ్గా ఉందే!" అన్నాడు. "సరే, భారం వేసి చూద్దాం."

ఒక అట్టముక్క తీసి జోగారావు చేతికిచ్చాడు. దాని మీద మూడు వాక్యాలు అచ్చు వేసి ఉన్నాయి. పరీక్ష సమయంలో ఇంటి యజమాని వాటిని ట్రాపుకి ఎదురుగా నిలబడి చదవాలి. జోగారావు చదువుకుని, చెవులు ఎర్రబడి, అట్ట వెనక్కి తిప్పి చూశాడు.

"ఇదేంటండీ, మేం ఇంట్లో ఇలా మాట్లాడుకోమండీ."

"అందరూ అదే అంటారు సార్. పొద్దుట్నుంచి ఎనిమిది ఇళ్ళు చూశాను. ఎవరూ ఇలా మాట్లాడరు. ఊరికే పరీక్ష కోసం అనుకోండి."

కూర్మారావు కడ్డీ కొసను వకుళ ట్రాపుకి ఆనించి, రెండో చివర ఉన్న చెక్క గుండీని తన చెవికి పెట్టుకున్నాడు. జోగారావు గొంతు సవరించుకుని చదివాడు. "రోజంతా ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావు."

"వార్తలు చదివినట్టు కాదు సార్."

"నీకు తెలియని విషయాల్లో తల దూర్చకు."

"కొంచెం సొంతంగా."

వకుళ భర్త మొహంలోకి చూసింది. ఇంకొక్క నిమిషం ఆయన ఇంత మర్యాదగా ఉంటే సాయంత్రానికి పిల్ల మెడ కింద ఇత్తడి ఉంటుంది. "మీకు చదవడం కూడా రాదా?" అంది ఆమె మెల్లగా, పెదవులు కదిలీ కదలకుండా.

జోగారావు అట్ట కింద పడేశాడు. "నువ్వు సరిగ్గా ఉంటే పోయినేడు పసుపు చీటీ వచ్చేదా అసలు? కాలనీ అంతా మనింటి వైపు చూసింది. బీఎస్సీ చదివావు, ఏం లాభం? పైపు ముందు ఊరికే నిలబడటం కూడా చేతకాదు నీకు! మా అమ్మ చదువు లేకుండానే పాతికేళ్ళు నెట్టుకొచ్చింది."

కూర్మారావు చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"వస్తోంది" అన్నాడు. "టక్... టక్. చక్కగా ఉంది. ఇంత శుభ్రమైన చప్పుడు ఈ వరసలో ఎక్కడా వినలేదు."

వకుళకి లోపల ఏమీ కదల్లేదు. మెడ కింద ఇత్తడి చల్లగా, కదలకుండా ఉంది. కానీ టక్‌మందని ఆయనే అంటున్నాడు. ఆకుపచ్చ చీటీ కట్ట ఆయన సంచిలోంచి కొద్దిగా బయటికి కనిపిస్తోంది.

కూర్మారావు చీటీ తియ్యలేదు. కడ్డీ కొసను అటూ ఇటూ జరిపి మళ్ళీ విన్నాడు.

"చప్పుడు కొంచెం దూరం నుంచి వస్తున్నట్టుందమ్మా. కిందటేడు కూడా ఇదే రాశాను. ఒక్కోసారి పక్క ట్రాపు చప్పుడు ఈ ట్రాపులో వినిపిస్తుంది. ఎవరిదో తేల్చుకోవాలి."

అలాంటప్పుడు చెయ్యవలసిన పని పుస్తకంలో స్పష్టంగా ఉంది. దగ్గరలో ఉన్న వాళ్ళని ఒక్కొక్కరినే దూరంగా పంపి, ఎవరు వెళితే చప్పుడు ఆగుతుందో చూడాలి. గోడ మీద తట్టి, ఎనిమిదో నంబరు కోడలిని కాసేపు పెరట్లోకి వెళ్ళమన్నారు. జోగారావు మళ్ళీ నాలుగు మాటలు అన్నాడు. ఈసారి ఆయనకి అట్ట అవసరం కాలేదు. చప్పుడు వస్తూనే ఉంది.

"అమ్మాయిని కూడా రెండు నిమిషాలు బయట నిలబడమనండి."

"అది చదువుకుంటోందండీ" అంది వకుళ. "పరీక్షలు దగ్గరికొచ్చాయి."

"రెండు నిమిషాలేనమ్మా."

"ఆ చప్పుడు నాదేనండీ. నాకు తెలుస్తోంది లోపల."

"మీదో కాదో కడ్డీ చెబుతుంది. మనం చెప్పేది కాదు."

ధాత్రి పుస్తకంలో వేలు పెట్టి మూసి, వరండా మెట్లు దిగి, రోడ్డు అవతలకి వెళ్ళి నిలబడింది. బయట పొగమంచు. కిటికీలోంచి పిల్ల పసుపు స్వెట్టరు మాత్రం కనిపిస్తోంది. జోగారావు అవే మాటలు, అదే గొంతుతో అన్నాడు. కూర్మారావు చాలాసేపు విన్నాడు. తర్వాత కడ్డీని చెవి దగ్గర నుంచి తీసి, గుండీ మీద దుమ్మేమైనా ఉందేమో అన్నట్టు తుడిచాడు.

"ఏమీ లేదు" అన్నాడు.

ధాత్రిని లోపలికి పిలిచారు. పిల్ల గడప దాటగానే కడ్డీలో టక్ అంది. కూర్మారావు వకుళని లేవమని, ఆ కుర్చీలో పిల్లని కూర్చోబెట్టి, మెడ ఎముక కింద కడ్డీ ఆనించాడు. అక్కడ ఇత్తడి లేదు, ఉత్త చర్మమే. ఆయన వింటూ వింటూ నవ్వాడు. తన ఉద్యోగంలో ఇలాంటిది ఇది నాలుగోసారి అన్నాడు.

"బిగించకుండానే వచ్చింది. సహజం!"

"ఎప్పటి నుంచి?" అన్నాడు జోగారావు.

"చప్పుడు తీరు చూస్తే ఆరేళ్ళు ఉండొచ్చు సార్."

ఆయన వకుళ ట్రాపు మూత విప్పి చూపించాడు. లోపల పొడిగా ఉంది. అడుగున ముగ్గుపిండి లాంటి తెల్లటి గార పేరుకుని ఉంది. "దీన్లోంచి ఆరేళ్ళుగా నీరు కారిన జాడ లేదు" అన్నాడు.

ఆరేళ్ళ కిందట ధాత్రికి పదకొండేళ్ళు. ఆ ఏడాది ఒక ఆదివారం జోగారావు గొంతు పెంచి ఏదో అంటుంటే, పిల్ల అట్లకాడ పట్టుకుని ఇద్దరి మధ్యకీ వచ్చి, "నాన్నా, నీకు ఇంకో దోసె వెయ్యనా, కరకరలాడేలా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఈ పిల్ల ఉన్న ఇంట్లో గొడవలుండవని అత్తగారు ఫోనులో చాలామందికి చెప్పింది. వకుళ కూడా చెప్పింది. ఆ రోజు నుంచి ప్రతి మాటకీ ముందు పిల్ల ఎక్కడ నిలబడి ఉండేదో వకుళకి ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మధ్యలోనే ఉండేది.

"దానికి వద్దండీ" అంది. "నాకు కొత్తది వెయ్యండి. రెండు వెయ్యండి."

"లాభం లేదమ్మా. ఆవిరి తనకి ఎక్కడ తేలికో అక్కడికే పోతుంది. మీకు బంగారంతో చేయించి పెట్టినా మీ దగ్గరకి రాదు. అయినా మీరు ఊరికే కంగారు పడుతున్నారు. అమ్మాయికి మేం ఏమీ బిగించం. ఉన్నదాన్ని పుస్తకంలో రాసుకోవడమే."

"మరి విశాఖపట్నం?"

కూర్మారావు పుస్తకంలో పేజీ తిప్పాడు. అది ఆయన విభాగం కాదు.

"పర్లేదు అమ్మా" అంది ధాత్రి. "ఇక్కడి నుంచే ఏదో ఒకటి ప్రైవేటుగా కడతాను."

కూర్మారావు చేతిలో కడ్డీ అప్పటికి కిందికి దిగి, కొస గోడ పైపుకి ఆనుకుని ఉంది. అందులోంచి టక్ అన్న చప్పుడు గదిలో ఉన్న నలుగురికీ వినిపించింది.

జోగారావు వచ్చి కూతురి తల మీద చెయ్యి వేశాడు. "చిన్నప్పటి నుంచీ ఇది నాకు ఎదురు చెప్పి ఎరగదండీ. అప్పుడే అనుకున్నాను" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నీరు లైనులోది కాదు కాబట్టి నమోదు చెయ్యలేదు.

ఆకుపచ్చ చీటీని ధాత్రి మణికట్టుకి దారంతో కట్టారు. వకుళది విప్పడానికి పది నిమిషాలు పట్టింది. పాత మరలు కావడంతో కొబ్బరినూనె వెయ్యాల్సి వచ్చింది. ఇత్తడి ఉన్న చోట రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ మిగిలింది. కూర్మారావు దూది పెట్టి, ఒక కాగితం మీద ముద్ర వేసి ఇచ్చాడు. ఇకపై ఆమె లైనులో లేదని, గేటు దాటి ఎక్కడికైనా వెళ్ళవచ్చని, ఏమైనా మాట్లాడవచ్చని అందులో ఉంది. బయటికి వెళ్ళి వరండా పైపు మీద రెండు దెబ్బలు కొట్టి, పదో నంబరుకి వెళ్ళిపోయాడు.

సహజంగా ట్రాపు వచ్చిన పిల్ల ఉన్న ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి రావడం కాలనీలో ఆనవాయితీ. సాయంత్రం పన్నెండు మంది వచ్చారు. పైడమ్మ అరటిపళ్ళు తెచ్చింది. ధాత్రి బుగ్గలు నిమిరి, "నీ కడుపు చల్లగుండ, మీ యమ్మని గట్టెక్కించీసేవే!" అంది. పిల్ల అందరికీ టీ ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర జోగారావు పులుసులో బెల్లం ఎక్కువైందన్నాడు. వకుళకి పంతొమ్మిదేళ్ళలో మొదటిసారిగా పూర్తి వాక్యం ఒకటి నాలుక మీదికి వచ్చింది. చిన్న వాక్యమే. దాన్ని ఆపేది ఇప్పుడు ఏదీ లేదు. ఆమె నోరు తెరిచింది. ఎదురుగా ధాత్రి నోటి దగ్గరికి తెచ్చిన ముద్దను ఆపేసింది. ఆ పిల్ల మెడ ఎముక కింద చర్మం కొద్దిగా పైకి లేచి, సిద్ధంగా నిలబడింది. ఆ ఇంట్లో ఎవరు ఎవరిని ఏమన్నా ఆ భారం ఇక అక్కడికే వెళుతుంది. వకుళ నోరు మూసుకుంది. ఆ మాట నీరుగా పోలేదు, పైపులోకీ పోలేదు. అలాంటి ఆవిరికి కూర్మారావు పుస్తకంలో గడి లేదు.

జూన్ మొదటి వారంలో కాలేజీ నుంచి కాగితం వచ్చింది. సీటు వదులుకునేవాళ్ళు స్వయంగా వచ్చి సంతకం చేసి, సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోవాలి. విద్యార్థి రాలేకపోతే తల్లి గానీ తండ్రి గానీ రావచ్చు. జోగారావుకి టర్బైన్ల మరమ్మతు ఉంది. గేటు దాటే అనుమతి వకుళకి ఉంది. గేటు దగ్గర కాపలా మనిషి కాగితం చూసి, గొలుసు దించి, "జాగ్రత్తమ్మా, కింద ఎండలు మండిపోతున్నాయి" అన్నాడు.

నిజంగానే మండిపోతున్నాయి. కాలేజీ ఆఫీసులో ఫ్యాను కింద గుమాస్తా చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ధాత్రి ఫైలు వెతికి తీశాడు.

"మంచి మార్కులే వచ్చాయి కదమ్మా! ఎందుకు మానేస్తోంది?"

వకుళ గోడలన్నీ చూసింది. పైపులు లేవు. ఇక్కడ ఎంత గట్టిగా ఏం చెప్పినా కొండ మీద ఎవరి మెడా కదలదు. బస్సులో నాలుగు గంటలూ ఆమె ఇన్నాళ్ళూ అనని మాటలే వరస పెట్టుకుంటూ వచ్చింది. మొదటి మాట నోటికి అందేలోగా గుమాస్తా సొరుగులోంచి అచ్చు వేసిన కాగితం ఒకటి తీసి ముందుకి తోశాడు. 'సీటు వదులుకోవడానికి కారణం' అన్న చోట మూడు గడులున్నాయి. పెళ్ళి. అనారోగ్యం. ఇంట్లో అవసరం. అడగకుండానే ఆయన మూడో గడిలో టిక్కు పెట్టేశాడు. పక్కన అలాంటి కాగితాల కట్ట ఉంది. మూడు వేళ్ళ మందం ఉంది. పైనున్న కాగితం మీద కొండ కింద ఏదో ఊరి పేరు, వేరే ఆడపిల్ల పేరు. టిక్కు మాత్రం మూడో గడిలోనే ఉంది.

"ఇక్కడ చలి ఉంటుందాండీ?" అని అడిగింది వకుళ.

"చలా? ఈ ఊళ్ళోనా?" అని నవ్వాడు గుమాస్తా. "పుట్టి బుద్ధెరిగి స్వెట్టరు వేసుకోలేదమ్మా నేను."

ఆమె మళ్ళీ ఆ కట్ట వైపు చూసింది. వెనక వరసలో ఇంకో తల్లి, ఆ వెనక ఇంకొకరు, చేతుల్లో ఫైళ్ళతో ఉన్నారు.

"సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అంది.